డాన్యూబ్ మీద పిట్టకు పెట్టిన రోజు

మా అన్న మల్లన్న తన భూమి పట్టాను ఏనాడో కొడుకు పేరు మీదికి మార్చాడు. మారుస్తూ ఒకే ఒక్క షరతు పెట్టాడు: తిరుమలగిరిలో బావి పక్కనున్న రెండెకరాలు కూతురు గోపికవి. ఆ షరతును కాగితం మీద పెట్టలేదు. జీవితమంతా గొర్లు కాచిన మనిషి. ఇంట్లో మాటకు సాక్షులెందుకనుకున్నాడు. ఆయన మంచాన పడ్డాక గోపిక మిర్యాలగూడలో రైస్‌మిల్లులో పని చేసే మొగుడిని అక్కడే వదిలి, బావి దగ్గరికి వచ్చి, రెండేళ్లు తండ్రికి సేవ చేసింది. ఆయన వదిలిపోయిన నలభై గొర్లను ఇప్పటికీ అక్కడే మేపుతోంది.

కొడుకు ధర్మేందర్ సూర్యాపేటలో ప్లాట్లు అమ్ముతాడు. ఖాళీ నేల కనిపిస్తే హద్దురాళ్లు పాతకుండా ఉండలేడు. తండ్రి పోయి ఏడాది నిండుతుండగా ఆ రెండెకరాలను కూడా కలుపుకొని కొత్త వెంచర్ గీయించాడు. చెల్లెలికి ఏమిస్తావని నేను అడిగితే, ఐరోపా చూపిస్తానన్నాడు. నేలకు బదులు నది.

కోదాడలో ఒక ట్రావెల్స్ ఆఫీసు ఉంది. దాని యజమాని రంగుల పుస్తకం తెరిచి మా ముందు పరిచాడు. డాన్యూబ్ నది మీద ఎనిమిది రోజులు, ఓడే హోటలు, రోజుకొక నగరం.

"తిండి, తాగుడు, గైడు, చెప్పులతో సహా అన్నీ అందులోనేనండి," అన్నాడు. "ఓడెక్కాక మీరు ఒక్క విషయం గురించి కూడా ఆలోచించక్కర్లేదు."

ధర్మేందర్‌కు ఆ చివరి సౌకర్యం ఓడ ఎక్కకముందే ఉందని నేను చెప్పలేదు. నలుగురికి టికెట్లు తీశాడు: తనకు, భార్య లతకు, గోపికకు, మేనత్తనైన నాకు. నేను వస్తే, చెల్లెలికి న్యాయం జరిగిందనడానికి ఒక పెద్దమనిషి సాక్ష్యం ఉంటుందని అతని లెక్క.

ఒక్కటే చిక్కు. అన్న సంవత్సరీకం ఆ ఎనిమిది రోజుల్లోనే పడింది. యాత్రను వాయిదా వేయమన్నాను. కుదరదన్నాడు. సంవత్సరీకాన్ని వెనక్కి జరుపుదామా అంటే అదీ కుదరదన్నాడు. అది ముగియనిదే ఇంట్లో శుభకార్యం చేయకూడదు, వెంచర్ ప్రారంభానికేమో ముహూర్తం పెట్టేశాడు.

"ఓడ మీదనే చేద్దాం అత్తమ్మా. నది ఒడ్డే కద. కృష్ణ అయితేంది, డాన్యూబ్ అయితేంది."

ఓడ గురించి నేను చెప్పగలిగింది తక్కువ. రాత్రంతా మమ్మల్ని మోసుకెళ్లి, పొద్దున్నే ఒక నగరం ముందు దించేది. చెవుల్లో యంత్రాలు పెట్టుకుని, కర్ర మీద జెండా ఎత్తిన అమ్మాయి వెనుక మేము మంద కట్టి నడిచేవాళ్లం. గొర్ల వెంట తరతరాలు నడిచిన వంశం కనుక మాకు ఆ పద్ధతి కొత్త కాదు. స్థానం మాత్రం మారింది. ఆరు వందల ఏళ్ల చర్చికి నలభై నిమిషాలు ఇచ్చేవారు. అందులో ముప్పై లత ఫొటోలకు పోయేవి. ధర్మేందర్ చర్చి లోపలికి వచ్చేవాడు కాదు. ఒడ్డున నిలబడి పచ్చికబయళ్లను చూస్తూ బాధపడేవాడు.

"నీళ్ల ముంగట ఇంత ఫ్రంటేజీ ఉండంగ గిట్ల ఖాళీగ ఇడిసిపెట్టిండ్రు," అనేవాడు.

ఆరో రోజు బుడాపెస్ట్ చేరాం. అదే అన్న తిథి.

చనిపోయినవారికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి ఆరుబయట ఉంచడాన్ని మా వైపు పిట్టకు పెట్టడం అంటారు. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లెవరూ పచ్చి మంచినీళ్లు కూడా తాగరాదు. ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు దగ్గరివాళ్లు పైకి మాటివ్వాలి: ఇది చేస్తాం, అది చేస్తాం, వచ్చి తిను అని. సరైన మాట పడ్డప్పుడు కాకి వస్తుందని నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. ధర్మేందర్‌కు ఉంది.

పొద్దున ఎనిమిదికి ఓడ పైకప్పు మీద మోదుగాకు విస్తరి పరిచాడు. అందులో ఓడ వంటవాళ్లు కాల్చిన గొర్రెమాంసం, అన్నం, ఒక బీడీ పెట్టాడు. కల్లు దొరకనందున ఎర్ర ద్రాక్షసారా పోశాడు. అన్న దానిని చూసి ఉంటే గొర్లకు పట్టే మందనుకునేవాడు. ఇంతలో ఓడ మేనేజరమ్మ వచ్చి ఈ పళ్లెం ఎవరిదని మర్యాదగా అడిగింది. ధర్మేందర్ తన ఇంగ్లీషులో, ఇది మా నాన్న ఫలహారం, ఆయన ఇప్పుడే వస్తారని చెప్పాడు. ఆమె తన జాబితా చూసుకుని, మీ నాన్నగారి పేరు ఇందులో లేదే, భోజనం నమోదైన ప్రయాణికులకే కదా అంది. ఆయన పోయి ఏడాదైందని గోపిక సైగలతో తెలిపాక ఆ తల్లి తలవంచుకుని వెళ్లిపోయింది. అన్నీ ఉన్నాయన్న ప్యాకేజీలో మా అన్న లేడు.

తొమ్మిదయింది. పది అయింది. కింద గుడ్లు, రొట్టెలు, పదకొండు రకాల జున్నులు వచ్చి వెళ్లాయి. ఒక తెల్లటి నీటిపక్షి కొంగంత ఠీవిగా వచ్చి రెయిలింగ్ మీద వాలింది.

"ఇది ముట్టినా నడుస్తదిలే," అన్నాడు ధర్మేందర్. "పిట్టే కద."

అది విస్తరిని చూసి, అతన్ని చూసి, వెళ్లిపోయింది.

పదకొండుకు మాటలివ్వడం మొదలుపెట్టాడు. సూర్యాపేట ఇంటి ముందు పాలరాతి విగ్రహం పెట్టిస్తానన్నాడు. వెంచర్‌కు తండ్రి పేరే పెడతానన్నాడు. గేటు మీద గొర్రె బొమ్మ చెక్కిస్తానన్నాడు. ఒడ్డున చెట్ల మీద కాకులు కనిపిస్తూనే ఉన్నాయి, ఒక్కటీ కదల్లేదు. పన్నెండున్నరకు కింద భోజనాల గంట మోగింది. వేయించిన చేప వాసన మెట్లెక్కి వచ్చింది. లత కళ్లు మూసుకుంది. గోపిక విస్తరి వైపే చూస్తూ కూర్చుంది. ఆమె ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఆమె ఇన్నేళ్లూ చేసిన తప్పు.

"మీ నాయినకు ఏం కావాల్నో నీకు ఎరుకే అల్లుడా," అన్నాను. "తెలిసినది తప్ప అన్నీ చెప్తున్నవ్."

 అతను చేతులు జోడించి, నీళ్ల వైపు తిరిగి, మెల్లగా అన్నాడు.

"బావికాడి రెండెకరాలు చెల్లెకు రాసిస్త నాయినా. వచ్చి తిను."

అప్పుడే వంటగది మనిషి ఒకడు పక్కనే చెత్తబుట్ట మూత తెరిచాడని నేను నిజాయితీగా నమోదు చేస్తున్నాను. కారణం ఏదైనా, ఒక కాకి ఒడ్డు నుంచి లేచి, విస్తరి మీద వాలి, మాంసం ముక్క నోట కరచుకుని పోయింది. గోపిక ఏడ్చింది. ధర్మేందర్ మెట్లు రెండేసి చొప్పున దిగి చేపల దగ్గరికి పరుగెత్తాడు.

సూర్యాపేటకు తిరిగి వచ్చేసరికి కొత్త బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ సిద్ధంగా ఉంది. ఐరోపా జలయాత్రను దిగ్విజయంగా ముగించుకున్న ధర్మేందర్ గారికి స్వాగతం. మోసిన నదికి మాత్రం అభినందన లేదు.

పది రోజులు గడిచినా రిజిస్ట్రేషన్ మాట ఎత్తలేదు. నేను కులపెద్ద మల్సూర్‌ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. గోపిక కూడా వచ్చింది. ధర్మేందర్ అప్పటికే జవాబు తయారు చేసుకున్నాడు.

"అది కాకి కాదు అత్తమ్మా. మెడకాడ బూడిద రంగున్నది. మన కాకి నల్లగుంటది. ఫారిన్ పిట్ట ముడితే మాట లెక్కకు రాదు."

"మన కాకి మెడ గూడ బూడిద రంగే. ఎన్నడన్న తలెత్తి సూసినవా?"

"ఏమో. నాకైతే అది కాకి కాదు."

"సరే. కాకి కాదు," అన్నాను. "అంటే మీ నాయినకు ఇంకా ముట్టలేదు. ఏడాది మాసికం కాలేదు. ఎల్లుండి నీ వెంచర్ ఎట్ల ఓపెన్ చేస్తవ్?"

 మల్సూర్ తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"అది నిజమే కద, ధర్మేందర్," అన్నాడు. "ముట్టందే శుభం చేస్తే కులం రాదు. రేపు బావికాడ మళ్లీ పెడుదువు. ఈసారి అందరం వస్తం. మాట గూడ అందరి ముంగట ఇయ్యాలె."

ధర్మేందర్ భార్య వైపు చూశాడు. ఓడ మీది ఆ నాలుగున్నర గంటలు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టున్నాయి. లత తలుపు పట్టుకుని, అది కాకేనని, తన ఫోన్‌లో ఫొటో కూడా ఉందని అంది. అతను ఫోన్ తీసుకుని ఆ పక్షిని పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి చూశాడు.

"కాకే," అన్నాడు.

మర్నాడు తిరుమలగిరి తహసీల్దార్ కార్యాలయంలో రెండెకరాలు గోపిక పేరు మీదికి మారాయి. వెంచర్ నక్షాలో ఒక మూల తెల్లగా మిగిలింది. ఆ సాయంత్రానికే ఊరి కూడలిలో ఇంకో ఫ్లెక్సీ లేచింది: చెల్లెలికి భూదానం చేసిన దానశీలి. వెనుక ఓడ, ముందు నమస్కరిస్తున్న ధర్మేందర్. కాకికి అందులో చోటు దొరకలేదు.

వారం తర్వాత నేను బావి దగ్గరికి వెళ్లేసరికి వాన మొదలైంది. గోపిక ఆ ఫ్లెక్సీని అడిగి తెచ్చుకుని గొర్లదొడ్డి మీద బిగించి కట్టింది. బొమ్మ లోపలి వైపుకు వచ్చింది. నలభై గొర్లు తడవకుండా నిలబడి, తలల మీద దణ్ణం పెడుతున్న దానశీలిని పట్టించుకోకుండా మేత నెమరువేసుకుంటున్నాయి.