పాటలో ముసలమ్మ

ఉప్పలమ్మ మూడో వరస బల్లల కింద ఊడుస్తుండగానే గదిలో లైట్లు ఆర్పేశారు. తొమ్మిదిన్నరకల్లా ఊడ్చి వెళ్ళిపోవలసిన గది అది. తన ఊరు మోతె నుంచి వచ్చే బస్సు ఆలస్యమై ఇవాళ పని వెనకబడింది. నిహారిక మేడం లోపలికి వస్తూ ఆమెను చూసి, ఫరవాలేదు, చప్పుడు కాకుండా కానివ్వమని చెప్పింది.

సూర్యాపేటలో ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఉప్పలమ్మ చేరి ఏడేళ్ళయింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, ఎండకు మాడిన ముఖంతో, ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడుస్తుంది. ఒకప్పుడు ఇంటి ముందు అరవై గొర్రెలుండేవి. ఒక వానాకాలం నీలినాలుక రోగం వచ్చి నెల తిరక్కుండా తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిదింటినీ భర్త అచ్చయ్య మేపుకున్నాడు, ఆమె సూర్యాపేట బస్సెక్కింది. అప్పటి నుంచి రోజూ పన్నెండు గదులు, రెండు వరండాలు, ఆరు మరుగుదొడ్లు. కాలేజీలో ఆమెను పేరు పెట్టి పిలిచేది తోటి ఆయా యాదమ్మ ఒక్కతే.

నిహారిక మిర్యాలగూడలో రైసుమిల్లు ఉన్నవాళ్ళ అమ్మాయి. జర్నలిజం చెబుతుంది. ఆవేళ పాఠం ఒక పాట. కోదాడ కుర్రాళ్ళు తీసిన ప్రైవేటు ఆల్బమ్ అది. లోకల్ కేబుల్లో, పెళ్ళి ఊరేగింపుల్లో, పిల్లల సెల్‌ఫోన్లలో ఆ ఏడంతా అదే మోగింది. పాటలో ఏ బొమ్మ దేనికి గుర్తో, ఎవరిని ఎలా చూపించారో పిల్లలు చెప్పాలి.

ఉప్పలమ్మ ఆ పాటను వినడమే గాని చూడలేదు. గోడ మీద బొమ్మ పడగానే ఆమె చేతిలో చీపురు ఆగిపోయింది. ఆ తుమ్మచెట్టు తమది. దాని కింద ఉన్న గొర్రెల దొడ్డి తమది. తెల్ల బూట్లు తొడుక్కున్న హీరో దొడ్డి గోడ మీదికెక్కి గంతులు వేస్తున్నాడు.

నిరుడు వచ్చారు ఆ ఆల్బమ్ వాళ్ళు. అచ్చయ్య పోయి అప్పటికి మూడు నెలలు. రాజ్‌కుమార్ అనే డైరెక్టరు చాలా మర్యాదగా మాట్లాడాడు, చెంబెడు నీళ్ళడిగి తాగాడు. మా అమ్మలాంటిదానివి, ఉన్నట్టే ఉండు చాలన్నాడు. అంటూనే ఉన్నట్టు ఉండనివ్వలేదు. చేతుల కడియాలు తీయించాడు, కొప్పు విప్పించాడు, బుగ్గలకు బూడిద పూయించాడు. దొడ్డి ముందు కూర్చోబెట్టి రోడ్డుకేసి చూడమన్నాడు. గొర్రెలు బెదురుతున్నాయని ఆమె పిలిచి సముదాయిస్తే, మాట్లాడొద్దని మళ్ళీ మొదటి నుంచి తీశాడు.

పోయేటప్పుడు దండెం మీది గొంగడి అడిగాడు. అచ్చయ్యది. ముప్పై ఏళ్ళు వానకూ చలికీ కప్పుకున్నది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలను అందులోనే చుట్టి ఇంటికి తెచ్చేవాడు. చివరి వారం దాని మీదే పడుకున్నాడు. మిర్యాలగూడలో ఒక షాటు తీసి రెండో రోజే పంపిస్తానని రాజ్‌కుమార్ మాటిచ్చాడు. నాలుగో రోజు కబురొచ్చింది, గరిడేపల్లి దగ్గర జీపు మీది నుంచి పడిపోయిందని.

ఉప్పలమ్మ రెండు రోజులు సెలవు పెట్టి గరిడేపల్లి వెళ్ళింది. రోడ్డుకు ఆ పక్కా ఈ పక్కా నడిచింది. టీ కొట్లలో అడిగింది, నాట్లు వేస్తున్న ఆడవాళ్ళను అడిగింది, కాలువలోకి వంగి చూసింది. ఎవరికో చలికి పనికొచ్చి ఉంటుందిలే అనుకుని తిరిగొచ్చింది. ఏడాదిగా ఆ మాటతోనే మనసు సరిపెట్టుకుంది.

గోడ మీద ఇప్పుడు ఆమె ముఖం, తలుపంత పెద్దది. మేడం బొమ్మ ఆపి, పాటంతా రంగుల్లో ఉంటే ఈ ముఖం ఒక్కటే నలుపు తెలుపులో ఎందుకుందని అడిగింది. ముందు వరసలో సంగీత అనే అమ్మాయి లేచి, ఆమె పాతకాలానికి గుర్తని, అందుకే కదలదు, మాట్లాడదని చెప్పింది. వెనక నుంచి ఒకడు వెనకబాటుతనం అన్నాడు. గొర్రెలంటే ఆలోచించకుండా వెంట నడిచే జనమన్నాడు ఇంకొకడు. మేడం మెచ్చుకుంటూ ఒక్కొక్కటే బోర్డు మీద రాసింది. ఆ ముఖం గలావిడ వెనక వరసలో చీపురు పట్టుకుని నిలబడి ఉందని చీకట్లో ఎవరూ చూడలేదు.

ఉప్పలమ్మ వంగి మళ్ళీ ఊడవబోయింది. చదువుకున్న పిల్లలు, ఏదో అనుకుంటున్నారు.

పాట మళ్ళీ కదిలింది. గొంగడి కప్పుకున్న ఒక పిల్ల నడిచి వచ్చింది. హీరో ఆ గొంగడిని లాగి మంటలో విసిరాడు. కింద నుంచి తళతళలాడే వెండి గౌను బయటపడింది. పిల్లలు ఈలలు వేశారు. మేడం మళ్ళీ ఆపి, ఇదే పాటకు ప్రాణమని, పాత సంకెళ్ళ నుంచి విముక్తి అని చెప్పింది. గోడ మీద గొంగడి మూల ఒకటి మంటకు ముడుచుకుపోతోంది. ఆ మూలన తెల్లదారం కుట్లు.

కుక్క లాగి చింపితే నల్ల ఉన్ని దొరక్క తెల్లదానితో తానే కుట్టింది.

ఉప్పలమ్మ బల్లల మధ్య నుంచి నడిచి వెళ్ళి గోడ ముందు నిలబడింది. మంట బొమ్మ ఆమె చీర మీద తొడుక్కున్న నీలం కోటు మీద, ముఖం మీద పడింది. ఎవరో లైటు వేశారు. పక్కకు తప్పుకొమ్మని మేడం అంటుండగానే ఆమె కుట్ల మీద వేలు పెట్టింది.

"గీ కుట్లు నేనేసిన. గిది మా ఆయన గొంగడి."

పిల్లలు ఆమెనూ గోడనూ మార్చి మార్చి చూశారు. నిహారికకు సంగతి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"అది సింబల్ అమ్మా," అంది మెల్లగా. "ఒకటి చూపించి ఇంకోటి చెప్పడం."

"చెప్పుకోండ్రి మేడం. మీరు ఇంకోటి చెప్పనీకి నాది ఎందుకు కాలవెట్టిన్రు? రోడ్డు మీద పడ్డదని ఎందుకు చెప్పిన్రు? రెండు దినాలు గరిడేపల్లి కాల్వ పొంటి దేవులాడిన నేను."

కాలేజీ వార్షికోత్సవానికి పిలుద్దామని నిహారిక రాజ్‌కుమార్ నంబరు రాసి పెట్టుకుంది. అప్పటికప్పుడు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. గొంగడి సంగతి అడిగితే అతను తడబడలేదు.

"ఆ పెద్దావిడదా అండీ? కాలుస్తామని చెబితే ఇచ్చేది కాదు కదండీ. ఆ షాటు లేకపోతే పాటే లేదు. కొత్తది కొనిపెడదాం లెండి."

ఉప్పలమ్మ ఫోను దగ్గరికి వంగింది.

"అయ్యా, ఇయ్యనని ఎరుకుండే తీస్కపోయినవు. గంతే గదా. ఇగ పెట్టెయ్."

తరవాత ఆమె బోర్డు వైపు తిరిగి, తన గురించి ఏం రాశారో చదవమని సంగీతను అడిగింది. ఆ అమ్మాయి తల ఎత్తకుండా చదివింది. పాతకాలం. వెనకబాటుతనం. మౌనం.

"మౌనమంటే?"

"మాట్లాడకపోవడం."

"నాకు మాట రాదని ఎవ్వలు చెప్పిన్రు బిడ్డా? నోరు తెరిస్తే గాయన మల్ల మొదట్నుంచి తీసిండు."

డస్టరు తీసుకుని బోర్డు పై నుంచి కింది దాకా తుడిచేసింది. తుడవడం ఏడేళ్ళుగా ఆమె పనే.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ శంకర్ సారు పిలిపించాడు. పాఠం నడుస్తుంటే మధ్యలో దూరడం ఏం పద్ధతని గట్టిగా అడిగాడు. మేడంకు క్షమాపణ చెప్పి పని చూసుకొమ్మన్నాడు. నిహారిక కిటికీ దగ్గర నిలబడి, తప్పు తనదేనని, చెప్పనక్కర్లేదని అంది. ఆయన వినిపించుకోలేదు. ఇవాళ వదిలేస్తే రేపు అందరూ ఇలాగే చేస్తారన్నాడు.

దొడ్డిలో తోడేలు దూరితే కర్ర పట్టుకుని నిలబడ్డట్టే ఉప్పలమ్మ నిలబడింది.

"నా దగ్గర తప్పు లేదు సారు. తప్పున్నోళ్ళను అడుగుండ్రి. రేపటి సంది నేను రాను."

మిగిలిన రెండు గదులూ ఊడ్చింది, అవి యాదమ్మ మీద పడకూడదని. ప్రతి మూలా కసిగా ఊడ్చింది. బల్లలు చప్పుడయ్యేలా జరిపింది. పక్క గదిలో పాఠం ఆగినా పట్టించుకోలేదు. నాలుగు గంటల మోతె బస్సుకు వెళ్ళిపోయింది. దారిలో చివ్వెంల దగ్గర ఎవరి సెల్‌ఫోనులోనో ఆ పాట మోగింది. ఆమె లేచి అతని ముందు నిలబడి, బంద్ చెయ్యి అంది. ఎందుకో అడగకుండానే అతను ఆపేశాడు.

ఆ ఎండాకాలం పెళ్ళిళ్ళలో కూడా అదే పాట మోగింది. అందులో ఏ షాటూ తీసెయ్యలేదు. రాజ్‌కుమార్ కొత్త గొంగడి పంపితే ఆమె కనీసం విప్పి చూడకుండా తిప్పి పంపింది. నిహారిక ఒకసారి మోతె వెళ్ళింది. ఉప్పలమ్మ గొర్రెల వెంట పోయిందని, సాయంత్రం దాకా రాదని చెప్పారు. కాసేపు దొడ్డి ముందు నిలబడి తిరిగొచ్చేసింది.

ఉప్పలమ్మ స్థానంలో బుచ్చమ్మ అని ఇంకొకామె వచ్చింది. స్టోరు గదిలో ఉప్పలమ్మ చీర మీద తొడుక్కునే నీలం కోటు మేకుకు ఉంది. అది తీసి ఇవ్వడానికి యాదమ్మ ఒప్పుకోలేదు, కొత్తది తెప్పించుకొమ్మంది. మగవాళ్ళ కొలతకు కుట్టిన ఆ కోటుకు రెండు చేతులూ పొడవు. ఉప్పలమ్మ మణికట్టు దాకా మూడు మడతలు పెట్టిన చేతులు అలాగే, విప్పకుండా వేలాడుతున్నాయి.