రాజుగారి మీసం మాస్కు

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది మా ఊళ్ళోకి జ్వరం కన్నా ముందు ఫ్లెక్సీ వచ్చింది. భీమవరం పక్కన ఊరు కదా, చెరువులో రొయ్యపిల్ల వదిలినా ఫ్లెక్సీ కట్టడం మాకు అలవాటు.

ఆ నెలలోనే సొసైటీ ప్రెసిడెంటు ఎన్నిక. ఆంజనేయరాజు గారు అప్పటికి రెండుసార్లు నిలబడి ఓడిపోయారు. ఈసారీ ఓడితే ఊళ్ళో తలెత్తుకోలేనని ఆయన భయం. ఆయన మొహంలో జనానికి గుర్తుండేది మీసమొక్కటే. చెంపల దాకా పెంచి, రోజూ నెయ్యి రాసి దువ్వే మీసం.

ఆస్పత్రి నర్సు సంపూర్ణమ్మ ఆయన దగ్గరికి వెళ్ళింది.

"మాస్కు పెట్టుకోమంటే ఎవరూ వినట్లేదండి. మాస్కుతో తమరి బొమ్మ సెంటర్లో కట్టిస్తే వింటారండి."

"కట్టిద్దామండి. కానీ మూతి మూసేస్తే ఆ బొమ్మ నాదని ఎవరికి తెలుస్తుందండి?"

దీనికి మందు ఫ్లెక్సీల గణేష్‌బాబు దగ్గర దొరికింది. కంప్యూటర్లో రాజుగారి మూతికి మాస్కు తొడిగి, ఆ మాస్కు మీద మీసం అంటించాడు.

ఫ్లెక్సీ అదిరింది. ఆ ఊపులో రాజుగారు గుడ్డ మాస్కులు కుట్టించి, వాటిమీద తన మీసం అచ్చు వేయించి ఇంటింటికీ పంచారు. మాస్కంటే మొహం తిప్పుకున్నవాళ్ళు కూడా ఎగబడ్డారు. ఊరికే వచ్చేదాన్ని వదిలే ఊరు కాదు మాది. పాలు పోసే బుల్లెమ్మకు మీసం, బళ్ళో పిల్లలకు మీసం, చర్చిలో వాక్యం చెప్పే సామ్యేలు గారికి మీసం. ఎన్నికలో పోటీ నిలబడ్డ శ్రీనివాసరాజు గారికీ అదే మీసం. ఊరంతా బుద్ధిగా మీసంలోకే దగ్గుతోందని సంపూర్ణమ్మ మురిసిపోయింది.

చిక్కంతా రాజుగారికే వచ్చింది. అసలు మీసం లోపల ఉబ్బెత్తుగా ఉండి, పైనున్న అచ్చు మీసం వంకరపోయేది. ఎదురైనవాళ్ళు "తమరికి సరిగ్గా కుదర్లేదండి, ఫ్లెక్సీలోలా లేదు" అనేవారు. ఎన్నిక రోజు ఫ్లెక్సీలో ఉన్నట్టే కనపడాలని, సొసైటీకి వెళ్తూ దారిలో వెంకన్న సెలూన్లో కూర్చుని అసలుది తీయించేశారు. ఇంట్లో కూడా చెప్పలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. బొమ్మ కోసం మనిషి మీసం తీయించుకోవడమేంటి?

వోటు చీటీ ఇచ్చే ఆఫీసరు అందరినీ అడిగినట్టే ఆయన్నీ మాస్కు తీయమన్నాడు. రాజుగారు తీశారు. లోపల నున్నటి మొహం.

"ఎవరండి తమరు?" అన్నాడు ఆయన సొంత ఏజెంటు అప్పాజీ.

"నేనేరా, ఆంజనేయరాజుని."

"ఆయనకి మీసం ఉంటుందండి. కావాలంటే బయట ఫ్లెక్సీ చూడండి."

రాజుగారు మళ్ళీ మాస్కు పెట్టి చూపించారు. ఆఫీసరు ఒప్పుకోలేదు. పొద్దున్నుంచి అందరూ ఈ మొహంతోనే వస్తున్నారు, దీన్ని చూసి చీటీ ఎలా ఇస్తానన్నాడు. తెలిసినవాళ్ళెవరైనా సాక్ష్యం చెప్పాలన్నాడు.

అప్పుడు ఆడవాళ్ళ వరసలో భార్య సుభద్రమ్మ గారు కనపడ్డారు. రాజుగారికి ప్రాణం లేచొచ్చింది. మాస్కు లాగేసి పిలిచారు.

"సుభద్రా, వీళ్ళకి చెప్పు."

ఆవిడ తన మీసం మాస్కు ముక్కు మీదికి లాక్కుని, వెనక్కి జరిగి, ఆయన్ని ఎగాదిగా చూశారు.

"గొంతు మావారిదిలాగే ఉందండి" అన్నారు ఆఫీసరుతో.

"కళ్ళు చూడండమ్మా. కళ్ళు మారవు కదా" అన్నాడు ఆఫీసరు.

"ఆయన కళ్ళలోకి నేనెప్పుడు చూశానండి? అంత ధైర్యం నాకెక్కడిది? మీసం ఎటు తిరిగితే అటు మసలుకునేదాన్ని."

రాజుగారికి ఏడుపొచ్చింది. ఎన్నిక సంగతే మరిచిపోయారు. ఏం చెయ్యాలో తోచక, చేతిలో ఉన్న మాస్కు మెల్లగా మూతికి కట్టుకున్నారు.

సుభద్రమ్మ గారు గబుక్కున తల దించుకున్నారు.

"ఇదిగోండి, వచ్చారు మావారు."