పిండి గది

దసలి పట్టుగూళ్ల నుంచి దారం తీశాక మిగిలే పురుగులను ఎండబెట్టి, నూనె తీసి, పిండి పట్టి, ప్రొటీన్ బిస్కెట్లలో కలిపే చిన్న కార్ఖానా ఒకటి టేకుమట్లలో ఉంది. అందులో పిండి గది పని అండాలుది. పురుగు ఎంత ఎండాలో, మర ఎప్పుడు ఆపాలో తోడికోడలు శాంతికి నేర్పింది కూడా ఆమే.

వానాకాలంలో అండాలు చేతులకు దద్దుర్లు లేచాయి. ఎవరికీ చెప్పకుండా కొంగు కప్పుకుని తిరిగింది. శాంతి చూసి యజమాని యుగేందర్‌తో చెప్పింది.

"అక్కకు ఎండు రొయ్యలు తిన్నా గిట్లనే అయితది సార్. గీ పిండి గూడ పడ్తలేదేమో."

మర్నాటి నుంచి యుగేందర్ అండాలును ప్యాకింగ్‌కు మార్చి, పిండి గది శాంతికి అప్పగించాడు.

అద్దం అవతల తెల్లటోపీ పెట్టుకుని శాంతి మర నడుపుతుంటే అండాలుకు కడుపు రగిలిపోయేది. "నా కాడ నేర్సుకొని నన్నే ఎల్లగొట్టింది," అని ఇంట్లో భర్తతో అనేది. శాంతి పలకరిస్తే ప్యాకెట్లు సర్దుతున్నట్టు తల దించుకునేది.

హైదరాబాద్ నుంచి వ్యాపారులు చూడటానికి వస్తున్నారని తెలిసింది. వాళ్లకు పని చూపించాల్సింది శాంతి. ఆ పొద్దున కొత్త చీర కట్టుకుని వచ్చి, "బాగున్నదా అక్కా?" అని అడిగింది.

అండాలు ముందున్న బిస్కెట్ల ప్యాకెట్ ఒకటి చింపింది. అందరూ చూస్తుండగా రెండు బిస్కెట్లు తీసి నమిలి మింగింది.

"సూడుండ్రి, నాకేమైతది? ఇది చెప్పింది ఉత్త అబద్ధం."

కాసేపటికే పెదవులు ఉబ్బాయి. గొంతు బిగుసుకుంది. ఊపిరందక గోడ పట్టుకుని కూలబడింది. శాంతి టోపీ విసిరేసి, ఆమెను ఆటోలో ఎక్కించుకుని భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోయింది.

సూదిమందు పనిచేసింది. అండాలు కళ్లు తెరిచేసరికి పక్కన శాంతి కూర్చుని ఉంది. కొత్త చీర నిండా అండాలు కక్కిన మరకలు.

"వచ్చినోళ్లు పోయిండ్రా?"

"పోయిండ్రంట. సారే అన్నీ చూపిచ్చిండట."

అంటే శాంతిని వాళ్లు చూడనే లేదు. అండాలుకు లోపల హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసి ముఖం గోడవైపు తిప్పుకుంది.

"నా మీద కోపమున్నదా అక్కా?"

"ఉన్నది. అది నా జాగ అని ఇంక అనిపిస్తనే ఉన్నది."

శాంతి గ్లాసులో నీళ్లు పోసి అందించింది. అండాలు ఆమె భుజం పట్టుకుని మెల్లగా లేచి కూర్చుని, రెండు గుక్కలు తాగింది.

"నిన్నటి సంది మర సప్పుడు మారింది, బెల్టు వదులైంది," అంది. "రేపు జర బిగించినంకనే నడుపు."