రంపానికి పూసిన పసుపు

టింబర్ యార్డులోని మోటారు రంపంలో సదయ్య ప్రాణం ఉందని గోదావరిఖనిలో అందరూ నమ్మేవారు. ఆ ఏడు గనికప్పు కూలి చనిపోయిన సదయ్యే, తమ్ముడు కొమురెల్లి పట్టుకోగానే దాన్ని ఆపేస్తున్నాడట.

గనికప్పుకు ఆసరాగా నిలిపే దుంగలు కోయడం కొమురెల్లి పని. దసరా పూజ మర్నాటి నుంచి రంపం కాసేపు నడిచి, దగ్గి, ఆగిపోతోంది. అతను కార్బొరేటర్ విప్పి, కడిగి, ఊది బిగించేవాడు. టాంకు మూత తీసి పెట్రోలు పోస్తే మళ్లీ నడిచేది, కాసేపే.

"రేపు గూడ గిట్లనే ఆగితె నువ్వు గనిల దిగుడే కొమురెల్లీ! దయ్యమంటె సాబ్ ఇంటడా?" అన్నాడు మేస్త్రి ఆమోసు.

అన్నను మింగిన గని తలపుకు రాగానే కొమురెల్లి మళ్లీ కార్బొరేటర్ విప్పడానికి కూర్చున్నాడు.

"ఎన్నిసార్లు కడుగుతవయ్యా? జర సదయ్య బావకు మొక్కు," అంటూ సద్ది తెచ్చిన భార్య సారక్క రోజూ పూసినట్టే రంపం నిండా పసుపు పూసి బొట్లు పెట్టింది. పూజ పసుపు తుడవకూడదు. అతనూ తుడవలేదు.

మర్నాడూ రంపం ఆగింది. కొమురెల్లి చేతికి తట్టా, బొగ్గెత్తే పార చెమ్మసూ ఇచ్చి గనిలోకి దింపారు. సారక్క వైపు అతను తిరిగి చూడలేదు.

రంపాన్ని తుక్కులో వేసేముందు ఆమోసు దాని టాంకు మూత కడిగి చూశాడు. లోపలికి గాలి పోయే సన్నటి రంధ్రం ఎండిన పసుపుతో పూడి ఉంది; టాంకులోకి గాలి పోనిదే కార్బొరేటర్‌కు పెట్రోలు అందదు.