పన్నెండో సంతకం

పదకొండో సంతకం రాబర్ట్ పెట్టాడు. మాంసం కొట్టు కౌంటర్ వెనక చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, మైథిలి వేలు పెట్టి చూపించిన చోట పేరు రాశాడు. కాగితం చదవలేదు.

"నువ్వు తెచ్చావుగా, గ్రాండ్, ఇంకేం కావాలి," అంటూ తిరిగి కత్తి అందుకున్నాడు.

ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్ ఊరి మెయిన్ స్ట్రీట్ మీద పొద్దుటి నుంచీ వాన. శనివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. కాగితాన్ని ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి మైథిలి వీధిలోకి వచ్చేసరికి జేబులో ఫోన్ మోగింది.

"ఎన్నయ్యాయమ్మా?" ఆంజనేయప్రసాద్ గొంతు.

"పదకొండు అంకుల్."

"ఇరవై మూడు అన్నానుగా! సాయంత్రం ఐదింటికల్లా నా చేతిలో ఉండాలి. ఆలస్యమైతే అవతలి వాళ్ళు ఊరుకోరు."

అవతలి వాళ్ళు ఎవరో ఆయన చెప్పలేదు. మైథిలి అడగలేదు. ఆకలికి కడుపులో మంటగా ఉంది. బూట్లలోకి నీళ్ళు దిగి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

జగిత్యాల నుంచి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చి ఏడాది కావస్తోంది. విమానాశ్రయంలో ఎదురొచ్చిన మొదటి మనిషి ఆంజనేయప్రసాద్. గుంటూరు వైపు మనిషి. డబ్లిన్‌లో పదిహేనేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి సొంతంగా చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. ఆయన మాట మీదే మైథిలికి మరో నలుగురు అమ్మాయిలతో కలిసి ఉండడానికి ఇల్లు దొరికింది. ఆయన దగ్గరే వారానికి ఇరవై గంటల పనీ దొరికింది. గంటకు పద్నాలుగు యూరోల పైనే ఇవ్వాలని ఈ దేశపు చట్టం. ఆయన పది ఇస్తాడు. మిగతాది ట్రెయినింగ్ కింద పోతుందంటాడు. ఆగస్టులో చదువు అయిపోతే వర్క్ పర్మిట్ కోసం కంపెనీ లెటర్ ఇస్తానన్నాడు. ఆ లెటర్ కోసం మైథిలి నాలుగు యూరోల సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

అయినా ఆ పని ఆమెకు ఇష్టమే. ఊరి బయట పెద్ద పెద్ద షాపులు వచ్చాక మెయిన్ స్ట్రీట్ బోసిపోయింది. మళ్ళీ ఇక్కడికి జనాన్ని రప్పించాలని ఆంజనేయప్రసాద్ ఒక పథకం వేశాడు. రైల్వే స్టేషన్‌లో, హాస్పిటల్ బస్టాపులో, కార్ పార్కులో, ప్రతి కొట్టు అద్దం మీద క్యూఆర్ కోడ్ అంటించాలి. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ కొట్టు పేజీ తెరుచుకుంటుంది. ఆ పేజీల్లో ఏం రాయాలో తెలుసుకోవడానికి చలికాలమంతా మైథిలి కొట్టు కొట్టుకూ తిరిగింది. రాబర్ట్ తల్లి సాసేజిలో ఏ దినుసులు వేసేదో రాసుకుంది. పుష్పవతి ఆంటీ పులిహోరకు నిమ్మకాయలు ఎలా ఏరుతుందో రాసుకుంది. ఫోటోలు తనే తీసింది. ఫిబ్రవరిలో కోడ్లు అంటిస్తే మార్చి నాటికి వీధిలో కొత్త ముఖాలు కనిపించాయి. ఫోన్ పట్టుకుని ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు జనం నడుస్తుంటే మైథిలి ఎదుటి పేవ్‌మెంట్ మీద నిలబడి చూసేది.

మూడు నెలలు ఉచితం. అది అయిపోయింది. ఇప్పుడీ కాగితం మీద సంతకం పెడితే నెలకు అరవై యూరోల చొప్పున ఏడాది పాటు కట్టాలి.

పన్నెండోది పుష్పవతి నడిపే మన సరుకుల కొట్టు. మైథిలి ఆ దగ్గరికి వచ్చేసరికి అద్దం ముందు నడివయసు భార్యాభర్తలు ఒకే గొడుగు కింద నిలబడి ఉన్నారు. భర్త కోడ్‌ను స్కాన్ చేసి ఫోన్ భార్యకు చూపించాడు. ఆమె ఒకసారి కొట్టు బోర్డు వైపు చూసింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుని, వెనక్కి తిరిగి కారెక్కి వెళ్ళిపోయారు.

తలుపు దాకా వచ్చినవాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారు? మైథిలి తన ఫోన్ తీసి అదే కోడ్‌ను స్కాన్ చేసింది. తను తీసిన ఫోటో, పులిహోర పళ్ళెం పట్టుకుని నవ్వుతున్న పుష్పవతి, కనిపించీ కనిపించకుండానే మాయమైంది. దాని స్థానంలో ఊరి బయట ఉన్న పెద్ద సూపర్‌మార్కెట్ పేజీ వచ్చింది. ఐదు కిలోల బాస్మతి ఇక్కడికన్నా రెండు యూరోలు తక్కువట. కారు పార్కింగ్ ఉచితమట. దారి చూపిస్తూ మ్యాపు.

పొరపాటేమో అనుకుని పక్కనున్న పూలకొట్టుకు వెళ్ళి అక్కడి కోడ్‌ను స్కాన్ చేసింది. అదే సూపర్‌మార్కెట్, ఈసారి గులాబీలు. ఎదురుగా బేకరీ. అదే సూపర్‌మార్కెట్, రొట్టెలు.

బేకరీ చూరు కింద నిలబడి ఫైల్లోంచి సంతకం లేని కాగితం ఒకటి తీసింది. నాలుగు పేజీలు. పొద్దుటి నుంచి పదకొండు మంది చేత సంతకాలు పెట్టించింది కానీ తనూ ఒక్కసారైనా చదవలేదు. మూడో పేజీలో ఏడో షరతు ఉంది. కోడ్ ఏ పేజీకి తెరుచుకోవాలో నిర్ణయించే హక్కు పూర్తిగా కంపెనీదే. కొట్టు యజమాని అడ్డు చెప్పకూడదు. ఏడాది లోపు కోడ్ తీసేయకూడదు.

ఆంజనేయప్రసాద్‌కు ఫోన్ చేసింది.

"అంకుల్, ఆంటీ కొట్టు కోడ్ కొడితే సూపర్‌మార్కెట్ ఓపెన్ అయితుంది."

ఆయన ఆశ్చర్యపోలేదు. "అవును. సోమవారం నుంచి మార్చాం. అతికించిన కోడ్ అదే, లింకు మారుస్తాం. నీకు తెలియందేముంది?"

"మరి కొట్లోళ్ళకు చెప్పిన్రా?"

"కాగితంలో ఉందిగా."

"స్కాన్ చేసినోళ్ళు లోపలికి పోతలేరు అంకుల్. నా కళ్ళతో చూసిన."

"చూడమ్మా, పుష్పవతి గారి కోడ్‌కి ఈ నెల నాలుగు వందల పన్నెండు స్కాన్లు. అంతమంది ఆవిడ గుమ్మం ముందుకు వచ్చారా లేదా? ఆ రిపోర్టు చూపించు. లోపలికి రావడం రాకపోవడం ఆవిడ వ్యాపారం. ముందు ఆవిడ సంతకం తీసుకో. ఆవిడ పెడితే మనవాళ్ళ మిగతా రెండు షాపులూ పెడతాయి. నేనూ అటే వస్తున్నా." గొంతు మెత్తబరిచి అన్నాడు. "ఆగస్టు ఎంతో దూరం లేదు మైథిలీ. లెటర్ టైప్ చేయించి పెట్టా. నేను సంతకం పెట్టడమే తరువాయి."

ఫోన్ పెట్టేశాడు.

మైథిలి కొట్టులోకి అడుగు పెట్టింది. లోపల ఎవరూ లేరు. పుష్పవతి కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి వృద్ధాశ్రమంలో పన్నెండేళ్ళు ఆయాగా పనిచేసింది. ముసలివాళ్ళను ఎత్తి, దించి నడుం పోయాక మిగుల్చుకున్న డబ్బుతో ఈ కొట్టు పెట్టింది. అద్దాల పెట్టెలో పులిహోర ట్రే నిండుగా ఉంది. పొద్దున్న వండింది, గరిటె కూడా దిగినట్టు లేదు.

"తడిసిపోనావే తల్లీ! రా, టీ తాగు," అంటూ లేచింది. ఫైలు చూసి, "సంతకానికేనా? ప్రసాద్ గారు పొద్దున్నే ఫోన్ చేసినారు. పెట్టీస్తాను గానీ, ఒక్క మాట చెప్పు ముందర."

"ఏంది ఆంటీ?"

పుష్పవతి గొంతు తగ్గించింది. "నా కొట్టు వాసనొస్తందేటమ్మా?"

మైథిలికి అర్థం కాలేదు.

"మార్చి నెల్లో శనివారం పూట నలభై మంది కొత్తోళ్ళు వచ్చీవోరు. ఈ వారం నుంచీ ఏటైనాదో తెలీడం నేదు. అద్దం దాకా వత్తన్నారు, ఫోన్ చూసుకుంతన్నారు, నా మొకం చూసి పోతన్నారు. కూరల వాసన పడక పోతన్నారేమో అనీసి బుధవారం నుంచి ఇంగువ తాలింపు మానీసినాను. సెంటు సీసాలు నాలుగు తెచ్చి మూలమూలలా పెట్టినాను. నిన్న ఈ చీర కూడా తీసీసి ప్యాంటు ఏసుకుని కూచున్నాను. అయినా రానేదు. మీ పిల్లలకి తెలుస్తాది కదా, చెప్పు. కొట్టుదా తప్పు, నాదా?"

మైథిలి ఊపిరి లోపలికి పీల్చింది. అప్పుడు గమనించింది. కొట్టంతా మల్లెపూల సెంటు. పప్పుల వాసనా, మిరియాల వాసనా ఏదీ తెలియడం లేదు. ఏదో అనబోయింది. తలుపు గంట మోగింది.

ఆంజనేయప్రసాద్ గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. "నమస్కారమండీ పుష్పవతి గారూ! ఏం వాన, ఏం వాన! పులిహోర ఘుమఘుమలాడుతోందే," అంటూ కౌంటర్ మీద రిపోర్టు పరిచాడు. "చూడండి, నాలుగు వందల పన్నెండు మంది. వచ్చే నెల ఇంకా పెరుగుతారు." జేబులోంచి పెన్ను తీసి అందించాడు.

పుష్పవతి పెన్ను పట్టుకుంది. కాగితం వంక చూసి, మైథిలి వంక చూసింది.

"నాకీ ఇంగ్లీషు చదవడం అంతంత మాత్రం. నువ్వు చెప్పు. పెట్టీమంటావా?"

"అందుకేగా అమ్మాయిని పంపింది," అన్నాడు ఆంజనేయప్రసాద్ నవ్వుతూ. ఆ నవ్వుతోనే మైథిలి వైపు తిరిగాడు. కళ్ళు మాత్రం నవ్వడం లేదు.

మైథిలికి ఐదుగురు పడుకునే గది గుర్తొచ్చింది. జగిత్యాల బ్యాంకులో తన చదువు అప్పుకు నాన్న పెట్టిన సంతకం గుర్తొచ్చింది. అవునని ఒక్క మాట అంటే చాలు. నోరు విప్పాల్సిన పని కూడా లేదు, తల ఊపితే చాలు.

"ఒద్దు ఆంటీ."

"మైథిలీ!"

"ఒద్దు. పెట్టకు. నీ దగ్గర ఏ వాసనా లేదు. నీ తప్పేం లేదు. అద్దం మీది కోడ్ కొడితే నీ కొట్టు రావట్లేదు. సూపర్‌మార్కెట్ వస్తుంది. మీ బియ్యంకన్నా మా బియ్యం తక్కువ, ఇటు రండ్రి అని దారి చూపెడ్తుంది. సోమవారం నుంచి గట్లనే ఉంది. ఇగ ఈ కాగితం మీద పెట్టినవంటే ఏడాది దాకా తీయరాదు. నెలకు అరవై యూరోలు నువ్వే ఇయ్యాలె."

ఆంజనేయప్రసాద్ మొహం ఎర్రబడింది. "సగం తెలిసి మాట్లాడకు. అదొక ప్రమోషన్, అంతే..."

పుష్పవతి ఆయన మాట వినడానికి ఆగలేదు. తన ఫోన్ తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి వెళ్ళింది. అద్దం అవతల నిలబడి ఫోన్ ఎత్తింది. లోపల ఇద్దరూ ఆమెను చూస్తూ నిలబడ్డారు. ఆమె చాలాసేపు ఆ తెరను చూసింది. మళ్ళీ లోపలికి వచ్చేసరికి పైట అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నా అద్దం మీదే నా కొట్టుకి రావద్దని రాయించినారేటి, ప్రసాద్ గారూ?"

అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది మైథిలికి.

"అలా కాదండీ," ఆంజనేయప్రసాద్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నా ఇబ్బంది కూడా వినండి. మీకు మూడు నెలలూ ఉచితంగానే చేశానుగా! సర్వర్ ఖర్చులు, ఇలాంటి పిల్లలు పదిమందికి జీతాలు. ఆ సూపర్‌మార్కెట్ వాళ్ళు స్కాన్‌కి ఇంతని ఇస్తున్నారు. అది లేకపోతే కంపెనీ మూతపడుతుంది. వీళ్ళే రోడ్డున పడతారు."

"మూడు నెల్లూ ఆశ పెట్టినారు," అంది పుష్పవతి. "నాలుగు రోజులై నా ఒంటి వాసన నేనే చూసుకుంతన్నాను." పెన్ను ఆయన ముందు పెట్టింది. "నేను పెట్టను."

ఆయన లేచాడు. ఇంక ఆమె వైపు చూడలేదు. మైథిలి ముందుకు చెయ్యి చాపాడు.

"ఆ ఫైలు ఇలా ఇవ్వు."

మైథిలి ఫైలును గుండెకు అదుముకుంది. "ఇయ్య."

"కంపెనీ కాగితాలవి."

"సంతకాలు వాళ్ళయి అంకుల్. కాగితం చదివి పెట్టలే, నన్ను చూసి పెట్టిన్రు. వాళ్ళయి వాళ్ళకే ఇస్త."

"రేపట్నుంచి పనికి రానక్కర్లేదు. లెటర్ సంగతి మర్చిపో. ఆ ఇల్లు ఎవరి మాట మీద ఇచ్చారో కూడా గుర్తు పెట్టుకో. ఇలాంటి అమ్మాయని మనవాళ్ళందరికీ చెప్తా. ఇంకెక్కడా పని దొరకదు నీకు."

"చెప్పుండ్రి," అంది మైథిలి. "నేనేం జేసిన్నో కూడా చెప్పుండ్రి."

ఆయన దారికి అడ్డంగా నిలబడ్డాడు. పుష్పవతి కౌంటర్ పలక ఎత్తి ఇవతలికి వచ్చింది. ఇద్దరి మధ్యా నిలబడి తలుపు తెరిచి పట్టుకుంది. "నువ్వెళ్ళమ్మా," అంది మైథిలితో.

మూడు గంటలైంది. వాన అలాగే ఉంది. పదకొండు కొట్లలో ముందు ఎక్కడికి వెళ్ళాలో మైథిలికి తోచలేదు. పొద్దున మొదట సంతకం పెట్టింది పూలకొట్టు ఆవిడ. ఆ తలుపు దాకా వెళ్ళి, తోయలేక నిలబడిపోయింది. తర్వాత గబగబా వీధి దాటి మాంసం కొట్టులోకి వెళ్ళింది.

లోపల ముగ్గురు వరుసలో ఉన్నారు. ఆమె నాలుగో మనిషిగా నిలబడింది. ఒక్కొక్కరికీ కోసి, తూచి, చుట్టి ఇస్తూ రాబర్ట్ ఆమెను చూసి కన్ను గీటాడు. వరుస తరుగుతున్న కొద్దీ, ఇంకా ఎవరైనా వచ్చి తన ముందు నిలబడితే బాగుండుననిపించింది. ఎవరూ రాలేదు.

"మళ్ళీ వచ్చావా? ఇంకో సంతకం కావాలా?" రాబర్ట్ చేతులు తుడుచుకున్నాడు.

మైథిలి అతను సంతకం పెట్టిన కాగితం తీసి కౌంటర్ అద్దం మీద పెట్టింది. మూడో పేజీ తిప్పింది.

"లేదు. ఇది నేను చదవకుండా మీకిచ్చాను. మీ పుట్టి ముంచే కాగితం. ఏడోది చదవండి," అంది ఇంగ్లీషులో.

రాబర్ట్ నవ్వు ముఖం మీదే ఆగింది. ఆమెను ఒకసారి చూసి, కాగితం మీదికి వంగాడు. పెదవులు కదుపుతూ నెమ్మదిగా చదవసాగాడు. మైథిలి అక్కడే నిలబడింది. ఫైల్లో సంతకం పెట్టిన కాగితాలు ఇంకా పది ఉన్నాయి.