అమ్మిరాజు కూత

వరికోతలయ్యాక వెంకటకృష్ణగారి చేను మా పిల్లలదే. ఎవరినీ అడిగేవాళ్లం కాదు. మోళ్లు అరికాళ్లకు గుచ్చుకుంటున్నా చీకటిపడేదాకా చెడుగుడు ఆడేవాళ్లం. అమ్మిరాజు కూతకు వస్తే మా జట్టంతా బిక్కచచ్చిపోయేది. ఊపిరి తీయకుండా నా చుట్టూ తిరిగి, నెత్తిన ఒక మొట్టికాయ వేసి మరీ పోయేవాడు వెధవ. వాడి దమ్ము చూసి కుళ్లుకునేవాణ్ణి.

ఇప్పుడా చేను రొయ్యల చెరువు. అల్లవరం చుట్టుపక్కల చేలు ఎక్కడ మిగిలాయి గనక. దానికి అమ్మిరాజే కాపలా. పొద్దున్నే రొయ్యల కోసం నీటికాకులు దిగుతాయి. మిగతా చెరువుల దగ్గర టపాకాయలు కాల్చి తోలతారు. మావాడు గట్టు మీద నడుస్తూ చెడుగుడు కూత పెట్టేవాడు. వెంకటకృష్ణగారు మురిసిపోయి టపాకాయలు కొనడం మానేశారు. పెద్దమనిషి పొదుపు అలాంటిది. రోజూ మేడ మీద కాఫీ తాగుతూ వింటారు. కూత వినపడలేదంటే వీడు నిద్రపోయినట్టు లెక్క.

"గుండె బాగోలేదని డాక్టరు గారు చెప్పేరు కదరా. ఆ అరుపులు మానెయ్" అన్నాను మొన్న.

"మానేస్తే ఆయనగారు ఇంకోణ్ణి పెట్టుకుంటానన్నారు నాగబాబూ. బుజ్జమ్మ చదువో?" అన్నాడు.

బుజ్జమ్మ వాడి కూతురు. ఇంటికి నాలుగు వైపులా చెరువులే. గట్టు మీద పరిగెడితే, జారిపడతావని తండ్రే కసిరేవాడు. ఇక ఆటలెక్కడ? చెడుగుడంటే పిట్టల్ని తోలే అరుపనుకుంటుంది ఆ పిల్ల.

నిన్న పొద్దున్న పాలు పోయడానికి పోతుంటే కూత మధ్యలో ఆగిపోయింది. సైకిలు పడేసి పరిగెత్తాను. సగం దారిలో ఉండగా మళ్లీ మొదలైంది, సన్నటి గొంతుతో.

మేత బస్తాల పక్కన అమ్మిరాజు వెల్లకిలా పడి ఉన్నాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి లేదు. టీ తెచ్చిన బుజ్జమ్మ ఫ్లాస్కు కింద పెట్టి, చెరువు వైపు తిరిగి "చెడుగుడు గుడుగుడు" అంటోంది.

"నాన్న పడుకున్నాడు బాబాయ్. ఆయనగారికి తెలిస్తే పనిలోంచి తీసేస్తారు. లేచేదాకా నేనంటాను" అని మళ్లీ ఊపిరి బిగబట్టింది.

అచ్చం తండ్రి దమ్మే.

నీటికాకులు లేచిపోయాయి. మేడ మీద వెంకటకృష్ణగారు కాఫీ పూర్తిచేసి లోపలికి వెళ్లిపోయారు.