ఎర్ర లక్క కుప్పె

మత్స్యలింగం కుంచెను పెట్రోలు గిన్నెలో ముంచాడు. గిన్నె అంచుకు రెండుసార్లు రాసి, చేతిలోని వాచీ ముఖం మీద మెల్లగా తుడిచాడు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఏ వాచీకైనా అతను చేసే ఆఖరి పని అదే. మురికి ముఖంతో వాచీని ఇంటికి పంపకూడదని అతని పట్టుదల.

ఇది ముళ్ళు లేని వాచీ. పొద్దున్నే కొత్త సెల్ వేస్తే నల్లటి అంకెలు లేచి కూచున్నాయి; గోడగడియారం చూసి వేళ సరిచేశాడు. పై అద్దం విప్పితే లోపల ఇంకో చిన్న అద్దం, దాని మీద ఎండకు పొక్కులు లేచిన పల్చటి రేకు కనిపించాయి. కొత్త సామాను మీద అంటించి పంపే కాగితం లాంటిది కాబోలు, ఇన్నాళ్ళూ ఎవరూ తీయలేదనుకున్నాడు. చిమ్టాతో అంచు పట్టి లాగాడు. అది తిన్నగా రాక రెండు ముక్కలైంది. పెద్ద ముక్క పెట్రోలు గిన్నెలో పడి ముడుచుకుపోయింది. చిన్నది ఏమైందో అతను చూడలేదు.

తుడవడం అయ్యాక వాచీని వెలుతురుకు పెట్టి చూశాడు. అంకెలు లేవు.

బూడిదరంగు అద్దం ఖాళీగా ఉంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. సెల్ సరిగ్గా కూచుందో లేదో వేలితో నొక్కి చూశాడు. ఎంత నొక్కినా కంటికి ఏమీ కనిపించలేదు. తను ఏం చేశాడో అప్పుడు తెలిసింది మత్స్యలింగానికి.

నర్సీపట్నం అబీద్ సెంటర్లో, లాడ్జి మేడమెట్ల కింద, మనిషి కూర్చుంటే మోకాళ్ళు బయటికొచ్చేంత అద్దాలపెట్టె అతని దుకాణం. చింతపల్లి బస్సు మలుపు తిరిగిన ప్రతిసారీ పెట్టె అద్దాలు గజగజమంటాయి. అతను నోటితో చెప్పే మాటలు రోజుకు పాతిక మించవు. అందులో పది ‘రేపు రండి’ అన్నవే. అయితే ఆ రేపు వచ్చినవాడు ఎప్పుడూ ఉత్తచేతుల్తో వెళ్ళలేదు. బాగుచేసిన ప్రతి వాచీకీ దారంతో చిన్న కాగితం కట్టేవాడు. దాని మీద మనిషి పేరు, జబ్బు, చేసిన వైద్యం ఉండేవి. ‘స్ప్రింగు తెగినది, వేసినాను.’ ‘నీరు దిగినది, ఆరబెట్టినాను.’ అబద్ధం రాసిన కాగితం ఒక్కటీ లేదు. ఊళ్ళో అతని పేరు తెలియనివాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ, ఆ కాగితాన్ని నమ్మనివాళ్ళు లేరు.

ఈ వాచీ వర్ధనమ్మగారిది. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. ఓడ మీద పనిచేసే తమ్ముడు సింగపూరులో కొని తెచ్చాడట. ఊళ్ళో ఇలాంటిది ఇంకోటి లేదు. మొన్న ఇస్తూ ఆవిడ పెట్టె ముందు నిలబడి పాఠమే చెప్పింది.

“ఇందులో చక్రాలుండవు మత్స్యలింగంగారూ. రెండు గాజు పలకల మధ్య ద్రవస్ఫటికం ఉంటుంది. నీళ్ళలా పారుతుంది, పటికబెల్లం పలుకులో లాగా వరసలో నిలబడుతుంది. కరెంటు తగిలిన చోట ఆ వరస మారుతుంది. అక్కడే అంకె కనబడుతుంది.”

“నీరూ రాయీ ఒకటేనంటారేటండి?”

“రెండింటికీ మధ్యది.”

మత్స్యలింగం నవ్వేసి, “ఏదైనా గడియారం గడియారమే కదండీ. సుక్రారం సాయంత్రం ఐదున్నరకి రండి,” అన్నాడు. ఆ ధీమాకి ఇవాళ తనమీద తనకే కోపం వచ్చింది. ఇవాళే శుక్రవారం.

వాచీ వెనక మూత బిగించి, దుమ్ము పడకుండా వాడే గాజుమూతతో దాన్ని కప్పాడు. నడిమి బొడిపె పట్టుకుని మూత దించుతుంటే, అద్దం మీద గోరంత మసక కనిపించింది. వేలిముద్ర కాబోలనుకుని వదిలేశాడు. తుడిచే ఓపిక లేదు.

పదయింది. మూత కింద వాచీ కీచుమని రెండుసార్లు కూసింది. మత్స్యలింగం ఉలిక్కిపడి ముందుకు వంగాడు. గంటగంటకీ కూస్తుందని టీచరుగారు చెప్పిన మాట గుర్తొచ్చింది. అంటే లోపల కాలం నడుస్తూనే ఉంది! చచ్చిపోలేదు. కనబడ్డం మానేసిందంతే.

పదకొండు కూశాక, పక్క టీకొట్టు జోగులు గ్లాసు పట్టుకొచ్చాడు. నలభై ఏళ్ళవాడు, అందర్నీ వరస కలిపే పిలుస్తాడు.

“ఏటి మావా, మొకం అలగుంది?”

మత్స్యలింగం జరిగింది చెప్పాడు. జోగులు మూతలోకి తొంగిచూసి పెదవి విరిచాడు.

“వోస్, దీనికేటి! తెచ్చినప్పుడే సచ్చిపోయుంది కదా. బాగవనేదు, తీసుకెల్లిపోండని సెప్పీ. నీ మాట కాదంటారేటి?”

“కాదనరు. అందుకే సెప్పలేనురా.”

జోగులు వెళ్ళిపోయాక ఆ మాట మాత్రం పెట్టెలోనే ఉండిపోయింది. నిజానికి ఎంత సుళువు! ‘లోపల కాలిపోయినది’ అని రెండు ముక్కలు రాసి కట్టేస్తే సరి. ఆవిడ నిట్టూర్చి తీసుకుపోతుంది. తన పేరు తన పేరులాగే ఉంటుంది. మత్స్యలింగం కాగితం కత్తిరించి పెట్టుకున్నాడు కూడా. పెన్సిలు పట్టుకున్నాడు గానీ చెయ్యి కదలలేదు. ఎడమ భుజం పొద్దుట్నుంచీ లాగుతూనే ఉంది. బల్ల మీదికి వంగి వంగి పట్టేసిందనుకున్నాడు.

మిగతా పని ఆగదు కదా. రోలుగుంట నుంచి వచ్చిన అలారం గడియారానికి పళ్ళచక్రం మార్చాడు. ఐగ్లాసు కంటికి బిగించి, ఒక ఆడవాచీలో వెంట్రుకంత స్ప్రింగు సరిచేశాడు. ఆ ఐగ్లాసు చుట్టూ ఉన్న కుప్పె అంకుడు కర్రది, ఎర్ర లక్క పూసినది. ఏటికొప్పాకలో అతని తండ్రి కర్రను గిర్రున తిప్పే తరిమెన మీద లక్క బొమ్మలు చేసేవాడు. పంతొమ్మిదో ఏట కొడుకు ఆ పని వదిలేసి గడియారాలు విప్పుతానంటే ఆయన మండిపడ్డాడు. మూడేళ్ళు మాట్లాడలేదు. తర్వాతొకనాడు బస్సు దిగి, ఈ పెట్టె ముందు నిలబడి, జేబులోంచి కుప్పె తీసి బల్ల మీద పెట్టాడు. “కంటికి ఇనప్పట్టీ ఒరుసుకుంటాదని,” అన్నాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా తిరుగు బస్సెక్కాడు. భార్య సీతాలు చనిపోయిన ఏడాది తప్పిస్తే, మత్స్యలింగం పనిలో ఉండగా కళ్ళు తుడుచుకున్నది ఆ ఒక్కరోజే.

మూడు కూసింది. ఇక చూద్దామని గాజుమూత బొడిపె పట్టుకుని తిప్పాడు. ఎత్తబోయి ఆగిపోయాడు.

మసక ఉన్నచోట, దాని కింద, నల్లగా మూడు అంకె ఉంది.

గబుక్కున మూత కదిపాడు. అంకె పోయింది. మెల్లగా వెనక్కి తిప్పాడు. వచ్చింది. చిన్నగా, నిండుగా, పొద్దున చూసినట్టే ఉంది. మసక లేని చోట అద్దం ఖాళీ. ఇంకా తిప్పాడు. ఈసారి మసకంతా నల్లబడి, అందులోంచి అంకె తెల్లగా కనబడింది.

ఆ మసక వేలిముద్ర కాదు; పొద్దున చిరిగిన రేకులో చిన్న ముక్క. వేలికంటుకుని మూత మీదికి చేరింది. దాన్ని గోటితో లేపి కంటికి అడ్డంగా పెట్టుకుని చూశాడు. పెట్టె అద్దం మీద తళతళలాడే ఎండ, రేకు తిప్పేసరికి ఆరిపోయింది. అద్దం వెనక వేలాడే వాచీలు కడిగినట్టు కనబడ్డాయి. మళ్ళీ తిప్పితే తళతళ తిరిగొచ్చింది. చింతపల్లి బస్సు వస్తే దాని ముందద్దాన్ని చూశాడు. అద్దం మీది మెరుపు పోయి, లోపల కూర్చున్న డ్రైవరు మీసంతో సహా కనబడ్డాడు.

చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని కర్ర పట్టింది గుర్తొచ్చింది. కర్రకు నార ఉంటుంది. నార వెంట పోతే ఉలి సాగుతుంది, అడ్డం పోతే ఆగుతుంది. వెలుతురుకూ నార ఉందన్నమాట! యాభైమూడేళ్ళుగా కళ్ళ నిండా పోసుకున్న వెలుతురు, దానికో నార ఉందని ఎవరూ చెప్పలేదు. ఈ గోరంత రేకుకు తెలుసు; నార వెంట వచ్చినదాన్ని పోనిస్తుంది, అడ్డం వచ్చినదాన్ని ఆపుతుంది. ఆ రెండు గాజుల మధ్య నీరూ రాయీ కానిదానికి తెలుసు. వచ్చే వెలుతురు నారను అదే మెలితిప్పి, అంకె రాస్తోంది. ఇదంతా ఎవరో మనిషి కనిపెట్టాడు. వాడెవడో, ఎక్కడివాడో, వాడి చేతులు ఎలా ఉంటాయో! మత్స్యలింగం రెండు చేతులూ జోడించాడు. ఎవరికి దండం పెట్టాడో అతనికే తెలియదు.

“ఒరే జోగులూ! బేగి రారా!”

అతని గొంతు అంత పెద్దదని సెంటర్లో ఎవరికీ తెలియదు. జోగులు మసిగుడ్డతోనే పరిగెత్తుకొచ్చి చూశాడు. తిప్పి చూశాడు. ఇంకోసారి చూశాడు.

“ఓలమ్మో! ఏటి మావా ఇది? కనికట్టా?”

“కాదురా. నిజమే. మనం సూడ్డం రాక సూడలేదు.”

తర్వాత మత్స్యలింగం చేసిన పని జోగులుకు అర్థం కాలేదు. కుప్పెలోంచి ఐగ్లాసు అద్దం తీసేశాడు. ఆ అద్దం లేకపోతే అతను వాచీ ముట్టుకోలేడు. దాని స్థానంలో రేకు ముక్కను ఆనించి, ఇంత లక్క దీపం మీద కరిగించి చుట్టూ అతికించాడు. ముప్పైనాలుగేళ్ళ కిందట వదిలేసిన పని, వేళ్ళు మరిచిపోలేదు.

“మరి నీ కంటికేటి?”

“రేపు సూసుకుందాం. ఆయమ్మకి టైము కనబడాల. ఒక టీ పట్రా.”

నాలుగు దాటాక కాగితం మీద రాశాడు. పెన్సిలు ఈసారి ఆగలేదు. దారంతో వాచీకి కట్టి, దాని ముఖం మీద కుప్పెను సరిగ్గా తిప్పి పెట్టాడు. జోగులు టీ పెట్టి వెళ్ళాడు. మత్స్యలింగం వీపు మెట్ల గోడకు ఆనించి, లాడ్జి మీదుగా కనబడే ఆకాశం ముక్కను చూస్తూ కూర్చున్నాడు. దానికీ నార ఉంటుంది కాబోలు.

ఐదూ పావుకు జోగులు గ్లాసు కోసం వచ్చాడు. టీ మీద మీగడ కట్టి ఉంది.

“మావా,” అన్నాడు. మళ్ళీ పిలిచాడు. భుజం పట్టుకుంటే తల మెల్లగా అటు వాలింది. ఊపిరి లేదు. ముఖంలో ఏ బాధా లేదు. ఏదో చూస్తున్న మనిషి ముఖం.

సెంటర్లోని నలుగురూ చేరి, అతన్ని లాడ్జి అరుగు మీద పడుకోబెట్టారు. జీపు కోసం మనిషి వెళ్ళాడు. వర్ధనమ్మగారు చెప్పిన వేళకే వచ్చింది. గుంపును చూసి, అరుగు మీది మనిషిని చూసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

“మీదేనమ్మా ఆకరిది,” అన్నాడు జోగులు. “నాను సెప్పడమెందుకు, రాసే ఉంచినాడు.”

ఆవిడ బల్ల దగ్గర వంగి కాగితం చదివింది. ‘వర్ధనమ్మ టీచరుగారికి. వాచీ బతికే ఉన్నది. పై రేకు తెలియక నేను ఊడదీసినాను. తప్పు నాది. కుప్పెలోంచి చూడండి. తిప్పి చూడండి.’

ఆవిడ కుప్పె కన్నానికి కన్ను ఆనించి చూసింది. తిప్పింది. పదకొండేళ్ళుగా నల్లబల్ల మీద బాణం గుర్తులు గీసి చెప్పిన వెలుతురు పాఠం, చెప్పడమే తప్ప ఎప్పుడూ కళ్ళారా చూడని పాఠం, ఎర్ర లక్క అంచు లోపల నల్లబడుతూ తెల్లబడుతూ కనిపించింది.

“ఎవరు చెప్పారు ఈయనకి?”

“ఎవులూ సెప్పనేదమ్మా. తనే సూసినాడు. సిన్నపిల్లడిలాగ కేకేసినాడు.”

వర్ధనమ్మగారు అక్కడే, అందరి ముందూ, ఏడ్చేసింది. ఇంతలో జీపు వచ్చింది. మోయడానికి చేతులు చాలక, తల కింద చెయ్యి వెయ్యమని ఎవరో కేకేస్తే, ఆవిడ కుప్పెను వాచీ మీద ఉన్నచోటే వదిలేసి వెళ్ళి చెయ్యి వేసింది. ఏటికొప్పాకకు చీకటి పడకుండా చేరాలని అంతా తొందరపడ్డారు. జోగులు కూడా కొట్టు అలాగే వదిలి జీపెక్కాడు. పెట్టె తలుపు వేయడం ఎవరికీ గుర్తు రాలేదు.

ఆరయింది. వాచీ కీచుమని రెండుసార్లు కూసింది. బల్ల మీద ఎర్ర లక్క కుప్పె, దాని లోపల గోరంత మేర ఆరు అంకె, పక్కన కనబడుతూ మాయమవుతూ రెండు చుక్కలు.